సమ్మె నాడు నా బొటనవేలు

పెన్ డౌన్ సమ్మె మొదలైన రోజు మా మున్సిపాలిటీలో డ్యూటీకి హాజరైన ఒకే ఒక్క ఉద్యోగి ఎవరో తెలుసా? నేనే! ఆ సమ్మెకు మహిళా కన్వీనర్ ఎవరో తెలుసా? అదీ నేనే! ఎట్లా అంటారా? చాయ్ తాగుతూ వినండి.

ఊరి పేరు మాత్రం అడగొద్దు. కాజీపేట నుంచి డోర్నకల్ దాకా రైలు ఆగే ఊళ్లలో ఏదో ఒకటి అనుకోండి.

సోమవారం పొద్దున మా ఆఫీసుకు డిజిటల్ పాలన అట్టపెట్టెలో వచ్చింది. హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజినీరు దాన్ని వరండా గోడకు బిగించి, "ఇక రిజిస్టర్లో సంతకాలు బంద్. ఇందులో వేలు పెడితే చాలు, మీరు వచ్చారో లేదో హైదరాబాద్‌లో కనపడుతుంది" అన్నాడు. మా రికార్డు రూము కురుస్తున్నదని మూడేళ్లుగా రాస్తున్నాం. అది మాత్రం హైదరాబాద్‌లో ఇప్పటిదాకా ఎవరికీ కనపడలేదు! అందరి వేలిముద్రలూ తీసుకుని ఆయన సాయంత్రం బండికి వెళ్లిపోయాడు.

మంగళవారం నుంచి మొదలైంది భాగోతం. సిబ్బంది హాజరు, సెలవులు, సర్వీసు రిజిస్టర్లు చూసే సీటు నాది కాబట్టి ముందు నేనే వేలు పెట్టాను. ఎర్ర లైటు. "ప్లీజ్ ట్రై అగైన్" అంది లోపల్నుంచి ఒక ఆడగొంతు. తుడిచి పెట్టాను. ట్రై అగైన్. కడిగి పెట్టాను. ట్రై అగైన్. నా వెనక లైను గేటు దాకా పోయింది.

నన్నే కాదు, సత్తెమ్మనూ గుర్తుపట్టలేదు. సత్తెమ్మ అంటే మా పారిశుధ్య కార్మికురాలు. ఊరు లేవకముందే బజారంతా ఊడ్చేస్తుంది. చీపురు పట్టీ పట్టీ ఆమె వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. రెండు రోజులూ మిషిన్ ఆమెకు ఆబ్సెంటే వేసింది.

"సారూ, గిది నేను రాలేదంటున్నది. మరి బజారు ఎవరు ఊడ్చిండ్రు, దయ్యాలు ఊడ్చినయా?" అని ఆమె కమిషనర్ గారినే నిలదీసింది. ఆయనది కోస్తా. నెమ్మదస్తుడు. "సిస్టం కుదురుకోవాలమ్మా, కాస్త ఓపిక పట్టు" అన్నాడు. సిస్టం కుదురుకునేదాకా ఊడ్చే పని ఆపమని మాత్రం అనలేదు.

బుధవారం అందరూ నాకు వైద్యులైపోయారు. ఒకరు నిమ్మచెక్క రుద్దమన్నారు, ఒకరు పౌడర్ అద్దమన్నారు. బిల్ కలెక్టర్ మల్లేశం అయితే "సరళక్కా, కురవి వీరన్నకు మొక్కుకో, టెంకాయ కొడ్తనను" అన్నాడు.

"నా బొటనవేలు చూసుడు తప్ప వీరన్నకు వేరే పని లేదా?" అన్నాను.

అన్నీ చేశాను, మొక్కు తప్ప. ట్రై అగైన్!

గురువారం తెలంగాణ కోసం పెన్ డౌన్. ఆఫీసు ముందు టెంటు వేశాం. మల్లేశమే మా సమ్మె కమిటీకి పెద్ద. నియమాలు రెండే: ఎవరూ పెన్ను ముట్టొద్దు, ఎవరూ మిషిన్ ముట్టొద్దు. రోడ్డు మీద వంటావార్పు కూడా పెట్టాం. "రోజూ మేమే వండుతున్నం, ఇయ్యాల మగోళ్లు వండాలె" అని తీర్మానం చేయించింది నేనే. వాళ్లు ఉల్లిగడ్డలు కోస్తూ ఏడుస్తుంటే మేము కుర్చీల్లో కూర్చున్నాం. అహా, ఏం సుఖం!

ఆ ఊపులో మైకు అందుకున్నాను. నినాదాలయ్యాయి. ఇద్దరు విలేకరులు వచ్చి కెమెరాలు తీసేసరికి నా గొంతు ఇంకా లేచింది. "మన ఉద్యోగాలు మనకు కావాలె అంటే, వీళ్లు మనకు ఏమిచ్చిండ్రు? గీ డబ్బా ఇచ్చిండ్రు! గిది సత్తెమ్మ కష్టాన్ని గుర్తువట్టదు. ఇరవై రెండేండ్ల సర్వీసున్న నన్ను గుర్తువట్టదు. కావాల్నంటే మీరే చూడుండ్రి!" అంటూ మైకుతో సహా వరండా ఎక్కాను.

మల్లేశం గరిటె పట్టుకుని ఉరికొచ్చాడు. "అక్కా, అద్దు! దాని జోలికి పోకు!"

"ఏం గాదు తమ్మీ. రెండొద్దుల సంది ముప్పైసార్లు పెట్టిన."

మిషిన్ మాట ఊరంతా వినాలని మైకును దాని మూతి దగ్గర పెట్టాను. బొటనవేలు ఆనించాను.

పచ్చ లైటు!

"థ్యాంక్యూ" అంది ఆడగొంతు. మైకులోంచి, రెండు పెద్ద స్పీకర్లలోంచి, బస్టాండు దాకా.

రెండు రోజులుగా పసుపు, చింతపండు, అంట్లసబ్బుతో నానిన వేలు అది. ఆ ఒక్క పొద్దు వంట లేక, అంట్లు లేక పొడిగా, శుభ్రంగా ఉంది. మగవాళ్లతో వండించినందుకు ఫలితం!

ముందు సత్తెమ్మ నవ్వడం మొదలుపెట్టింది. "నేను ఊరంత ఊడ్చినా రాలేదన్నది, నువ్వు ఒక్కపారి ముట్టంగనే వచ్చినవన్నది! మంచిదే అక్కా, రేపు నా దిక్కుకెల్లి గూడ జర ముట్టరాదు?"

కథ అక్కడితో ఆగితే బాగుండేది. శుక్రవారం హైదరాబాద్ నుంచి ఫ్యాక్స్. సమ్మెను లెక్కచేయక విధులకు హాజరైనందుకు శ్రీమతి సరళ గారికి ప్రశంస! విలేకరులు ఊరుకుంటారా? మధ్యాహ్నానికి పక్క ఆఫీసుల టెంట్లన్నిటికీ తెలిసిపోయింది. నన్ను చూసి ఇరవై రెండేళ్లుగా "అక్కా, అక్కా" అన్నవాళ్లు "మేడం గారూ" అనడం మొదలుపెట్టారు. ఆ గారు ఉంది చూడండి, చెప్పు దెబ్బ నయం!

మల్లేశం తేల్చి చెప్పాడు. "అక్కా, నీ మనసు నాకెరుకే. కని గా హాజరు రేపటి లోపల కొట్టేయించుకో. లేకుంటే కన్వీనర్‌గ ఉంచుడు నా తోని గాదు. బయటోళ్లు మనల్ని బతుకనియ్యరు."

నేరుగా కమిషనర్ గదిలోకి వెళ్లాను. ఆయన లేచి నిలబడ్డాడు. "రండి రండి! మా ఆఫీసు పరువు నిలబెట్టారండీ!"

"సార్, నేను డ్యూటీకి రాలేదు."

"మిషన్ అబద్ధం చెప్పదు కదండీ."

"మీరు కిటికీలోంచి చూసిండ్రు కదా సార్! టెంటు కింద నినాదాలు ఇస్తున్న."

"చూశానండీ. గట్టిగానే ఇచ్చారు. కానీ సిస్టంలో ప్రెజెంట్."

"అయితే కొట్టెయ్యండి."

"దానికేం, కొట్టేద్దాం. సంబంధిత సీటు నుంచి ఒక నోటు పెట్టించండి, వెంటనే సంతకం చేస్తాను."

"ఏ సీటు సార్?"

ఆయన జాలిగా చూశాడు. "మీదేనండీ."

అర్థమైందా? నేను పని చేయలేదని నిరూపించుకోవాలంటే నా కుర్చీలో కూర్చుని, పెన్ను తీసి, పని చేయాలి. చేస్తే సమ్మె ద్రోహిని. చేయకపోతే, కాగితం మీద ఎట్లాగూ ద్రోహినే! ఆయన సొంత పెన్ను మూత తీసి మర్యాదగా అందించాడు కూడా. దండం పెట్టి బయటికి వచ్చేశాను.

శనివారం టెంటు కింద కమిటీ కూర్చుంది. నేనే లేచి జరిగింది జరిగినట్టు చెప్పి, పదవి వదులుకున్నాను. కొత్త కన్వీనర్ ఎవరని పెద్ద చర్చే నడిచింది. చివరికి మల్లేశమే అన్నాడు: సిస్టం ప్రకారం మంగళవారం నుంచి, అంటే మన కంటే రెండు రోజుల ముందే సమ్మెలోకి దిగిన మనిషి ఒకామె ఉన్నదని. అందరూ చప్పట్లు కొట్టి సత్తెమ్మను ఎన్నుకున్నారు.

ఆమె మైకు పట్టుకుని మొదటి ఉత్తర్వు నాకే జారీ చేసింది. "సరళక్కా, నువ్వు మంచిదానివే. కని నీ వేలు మంచిది గాదు. సమ్మె అయేదాంక కుడిచెయ్యి కొంగుల వెట్టుకొని కూసో!"

కూర్చుంటున్నాను. నినాదానికి ఎడమ చెయ్యే లేపుతున్నాను.