కత్తెరక్క ఇంటి తోట

ఫ్యాక్టరీలో ఆమెను అందరూ కత్తెరక్క అనేవారు. కుట్టడం పూర్తయిన చొక్కాలకు వేలాడే దారాలను, గుప్పిట్లో ఇమిడిపోయే చిన్న కత్తెరతో కత్తిరించడం ఆమె పని. ఇరవై రెండేళ్లు అదే బల్ల, అదే స్టూలు. ఒక్క దారం మిగిలినా చొక్కా వెనక్కి వచ్చేది, దాని వెంట సూపర్‌వైజర్ నోరూ వచ్చేది. ఆ నోటికి జడిసి ఆమె చేతులు ఎంత ఆరితేరాయంటే, బస్సులో పక్కవాళ్ల చొక్కా అంచున దారం కనిపించినా ఊరుకునేవి కావు. ఒకసారి ఎవరో పెద్దమనిషి తన జేబు కొట్టేస్తోందని బస్సంతా ఏకం చేశాడు. ఆ రోజు ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే తల్లీకూతుళ్లిద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు.

నవ్వితే దగ్గు వచ్చేది. నూలు పీచు ఊపిరితిత్తుల్లో చేరిందన్నాడు డాక్టరు. తర్వాత కళ్లూ మందగించాయి. దారం కనిపించని మనిషిని ఫ్యాక్టరీ ఏం చేసుకుంటుంది? ఆమెను పొమ్మన్న రోజున సూపర్‌వైజర్ పెద్ద మనసు కూడా చేసుకున్నాడు.

"నీ స్టూలు ఇంకొకరికి ఇవ్వనులే అక్కా. మూడు నెలలు చూస్తా. నీ కూతుర్ని పంపించు."

తల్లి ఊపిరి తిన్న చోటికి పిల్లనూ రమ్మనడం ఆయన దృష్టిలో మేలు చేయడమే. కత్తెరక్క తలూపి వచ్చేసింది కానీ, తన కంఠంలో ప్రాణం ఉండగా పిల్లను ఆ స్టూలు మీద కూర్చోనివ్వనని గట్టిగా అనుకుంది.

కూతురికి పంతొమ్మిదేళ్లు. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. మూడు వారాలు ఎక్కడో శిక్షణకు వెళ్లొచ్చి, "మట్టి అక్కర్లేదమ్మా, మన ముందు గది చాలు. అరల మీద అరలు పెట్టి ఆకుకూర పండిస్తా" అంది.

"గోడ మీదా పంట? సరేలే, పైకప్పు మీద చేపలు కూడా పెంచుదాం" అని తల్లి నవ్వింది. నవ్వినా మంచం వెనక గదిలోకి జరిపించింది.

పాత ఇనుప సామాను కొట్లో దొరికిన ర్యాకుకు నాలుగు అరలు. అరకు రెండేసి ప్లాస్టిక్ పైపులు, పైపుకు పన్నెండు రంధ్రాలు. ప్రతి రంధ్రంలో జల్లెడలాంటి చిన్న గిన్నె, అందులో స్పాంజి ముక్క, ముక్కలో పచ్చిగా తినే లెట్యూస్ ఆకు మొలక. కింద డ్రమ్ములోంచి చేపల తొట్టికి వాడే చిన్న పంపు ఎరువు కలిపిన నీళ్లను పైకి తోస్తుంటే, అవి పైపుల అడుగున సన్నగా పారి మళ్లీ డ్రమ్ములో పడేవి. మొదటి నారు, అరల పైన కట్టిన దీపాల వెలుగు అందక తాడులా సాగి పడిపోయింది. పిల్ల దీపాలను జానెడు కిందికి దించి మళ్లీ విత్తింది. ఈసారి తొంభై ఆరు మొక్కలూ నిలిచాయి. ఆకులు గిన్నెలను కప్పేశాయి.

ఆసుపత్రి క్యాంటీన్ మేనేజరు వచ్చి చూశాడు. "శుక్రవారం తెండి. సరుకు శుభ్రంగా ఉండాలి. బాగుంటే ఇక వారం వారం మీ దగ్గరే" అన్నాడు. సూపర్‌వైజర్ పెట్టిన గడువు ఆ వచ్చే సోమవారానికి తీరుతుంది.

మంగళవారం మధ్యాహ్నం పిల్ల అట్టపెట్టెల కోసం బయటికి వెళ్లింది. ఇన్నాళ్లూ కష్టమంతా పిల్లదే, తాను కూర్చుని చూడటమే అన్న దిగులు కత్తెరక్కను తొలిచేస్తోంది. ఒక గిన్నెను మెల్లగా పైకెత్తింది. అడుగున తెల్లగా, సన్నగా, చిక్కుపడిన పోగులు జానెడు పొడవున వేలాడుతున్నాయి.

మొక్కకు వేర్లుంటాయని ఆమెకు తెలియక కాదు. వేర్లు స్పాంజిలో ఉంటాయనుకుంది. ఇవి మిగులు పీచు అనుకుంది. ఇంత చక్కని సరుకు ఇలా వేలాడుతూ వెళ్తే ఆ మేనేజరు వెనక్కి పంపడూ?

కత్తెర తీసింది. చూపు ఆననిచోట వేళ్లతో తడుముకుంటూ నాలుగు అరలూ పూర్తి చేసింది. ఒక్క ఆకు నలగలేదు. కత్తిరించినదంతా కాగితంలో చుట్టి పక్కన పెట్టింది. ఎన్నాళ్లకో ఆమెకు సంతోషంగా ఉంది.

సాయంత్రం పిల్ల వచ్చేసరికి పై అరలో ఆకులు వాలిపోయి ఉన్నాయి. పంపు ఆగిందేమోనని చెవి పెట్టింది. తిరుగుతూనే ఉంది. గిన్నె ఎత్తి చూసింది, పక్కదీ ఎత్తి చూసింది.

"అమ్మా, ఇవెవరు కోశారు?"

"నేనే. ఒక్కటి వదిలితే ఒట్టు, చూసుకో."

పిల్ల అరవలేదు. అరిచినా బాగుండేది. "నీళ్లు పైపు అడుగున పారతాయమ్మా. అంతవరకూ దిగి తాగేవి ఆ వేర్లే" అంది.

కత్తెరక్క తల బాదుకుంది. "నా చేతులు పడిపోనూ! చేతులారా నీ నోట్లో మట్టి కొట్టానే!"

"నీ తప్పేం లేదు. నేనే చెప్పి వెళ్లాల్సింది" అంటూ పిల్ల ఆమె చేతులు పట్టుకుని ఆపింది. మిగిలిన మొదళ్లకైనా అందేలా పైపుల చివరలు మూసి నిండా నీళ్లు పట్టింది. శుక్రవారానికి సగం కుళ్లాయి, సగం వడలి బతికాయి. మేనేజరు పెట్టె మూత తెరిచి, మళ్లీ మూసి, వేరేచోట తెచ్చుకుంటామన్నాడు.

సోమవారం పిల్ల ఆ స్టూలు మీద కూర్చుంది.

కత్తెరక్క మళ్లీ విత్తింది. ఈసారి ఏదీ ముట్టుకోకుండా, నీళ్ల చప్పుడు వింటూ పగలంతా ర్యాకు ముందే ఉండేది. పంట చక్కగా వచ్చింది. క్యాంటీన్‌కు వెళ్లి బతిమాలితే, ఏడాది వరకూ ఇంకొకరితో మాట అయిపోయిందన్నారు. ఆకును వీధిలో ఇంటింటికీ అమ్మేది. ఆ డబ్బు ఇల్లు గడవడానికి చాలదు. స్టూలు ఖాళీ కాలేదు.

ఆరు నెలలు గడిచాయి. ఒక ఆదివారం పిల్ల ర్యాకు దగ్గర నిలబడి ఒక గిన్నె ఎత్తింది. జుట్టులో నూలు పీచు. రెండుసార్లు దగ్గింది. ఎడమ చేతిలో గిన్నె, దాని కింద తెల్లని వేర్లు. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ వాటి దగ్గరికి వెళ్లి, కత్తెర ఆడించినట్టు ఖాళీగానే కలుసుకుంటూ విడిపోతున్నాయి. పిల్ల చూపు కిటికీ వైపుంది. తన చెయ్యి ఏం చేస్తోందో దానికి తెలియదు.

కత్తెరక్కకు కళ్లు సరిగా కనిపించవు. అది మాత్రం కనిపించింది. గబగబా వెళ్లి ఆ చేతిని తన గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

"ఏంటమ్మా?" అంది పిల్ల.

కత్తెరక్క పట్టు వదల్లేదు. ఆమె గుప్పిట్లో ఆ రెండు వేళ్లూ ఇంకా ఆడుతూనే ఉన్నాయి.