పడ్డట్టే

యూనివర్సిటీ వెనక బండల మధ్య ఎండుగడ్డి నేలలో గుంటలుగా డబ్బాలు పాతి, మేం కొందరం ఆదివారాలు గోల్ఫ్ ఆడేవాళ్లం. మాలో ఒక చరిత్ర లెక్చరర్ ఉండేవారు. ఆయనుంటే ఆట తొందరగా అయిపోయేది. ఎవరి బంతి గుంట దగ్గరికొచ్చినా ఆఖరి దెబ్బ కొట్టనివ్వకుండానే చేయి ఊపి, "పడ్డట్టే సార్, తీస్కోండ్రి" అనేవారు. తన బంతిని మాత్రం గుంటలో పడేదాకా కొట్టుకునేవారు.

అరవై తొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమం నడిచిన ఏడాది, వానలకు ముందు ఎప్పటిలాగే రెండు జట్లుగా ఆఖరి ఆట పెట్టుకున్నాం. ఆట అయ్యాక తార్నాకలో అందరికీ భోజనాలు. ఊరేగింపులో పోలీసు తూటా తగిలి, ఆ లెక్చరర్ గారి కొడుకు ఆసుపత్రిలో చనిపోయి అప్పటికి నెలైనా కాలేదు. రారనుకున్నాం. వచ్చారు. నేను ఎదుటి జట్టు, పైగా కోస్తావాణ్ని. ఏం పలకరించాలో తెలియక తల దించుకుని ఆడాను.

చివరి గుంటకు జానెడు దూరంలో నా బంతి ఆగింది. అలవాటు కొద్దీ దాన్ని తీసుకోవడానికి వంగాను.

"ఆగుండ్రి సార్," అన్నారాయన. "కొట్టుండ్రి."

కొట్టాను. బంతి గుంట అంచును తాకి పక్కకు పోయింది. ఆయన ఆ బంతినే చూస్తూ నిలబడ్డారు.

"డాక్టర్లు గూడ గట్లనే అన్నరు సార్. పిలగాడు ఇంటికొచ్చినట్టే అన్నరు. నేను ఇంటికి పోయి వాని మంచమేసి, పక్క గూడ పరిచిన."