రాని సిమెంటు పాలు

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అలసిపోయాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

విశాఖలో స్టీలు ప్లాంటు పనులు జోరుగా సాగుతున్న రోజులవి. గాజువాక అవతల పారే గెడ్డ మీద వంతెన కడుతున్నాం. నేను సైటు సూపర్‌వైజర్ని. వంతెనను మోసే కాంక్రీటు దూలాల్లో, అంటే గర్డర్ల లోపల, రేకు గొట్టాలుంటాయి, వాటిలో ఉక్కు తీగలు. కాంక్రీటు గట్టిపడ్డాక ఆ తీగలను జాకీతో లాగి బిగిస్తాం. అందుకే అంత సన్నటి గర్డర్లు అంత బరువు మోస్తాయి. తర్వాత గొట్టం ఒక కొసనుంచి సిమెంటు పాలు పంపుతో ఎక్కిస్తాం. రెండో కొసన చిక్కగా బయటికొస్తే లోపలంతా నిండినట్టు. నిండకపోతే సముద్రపు గాలికి తీగ తుప్పు పడుతుంది.

ఒక గొట్టం రెండో కొసన పాలు రాలేదు. ఎందుకో నాకు తెలుసు. కాంక్రీటు పోసేటప్పుడు తొందరపెట్టింది నేనే. కాంక్రీటును కుదించే వైబ్రేటరు తగిలి రేకు గొట్టం నొక్కుకుపోయింది. చూశాను, ఆపలేదు. ఇప్పుడు గర్డరు తొలిచి చూస్తే నా నిర్వాకం బయటపడుతుంది. ఇంజనీరుగారేమో తనిఖీకి వస్తున్నారు. ఏం చేశాను? గుప్పెడు సిమెంటు ముద్ద కలిపి రెండో కొసన నా చేత్తోనే పూశాను, పాలు కారి గట్టిపడినట్టు.

పంపు మేస్త్రీ అప్పలనాయుడు చూశాడు.

"ఏటి బాబూ, ఏటి సేత్తన్నారు? అటేపు పాలు రానేదు కదా. తీగ తుప్పట్టిపోదా?"

"నిండింది. నువ్వెళ్లి పంపు కడుక్కో."

పంపు వైపు తిరిగి, "సర్లెండి. సదూకున్నోరు, మీకు తెలీదేటి" అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. నమ్మాడు. ఇంజనీరుగారూ నమ్మి సంతకం పెట్టారు.

ఒక్క గొట్టమే కదా, మిగతావి మోస్తాయిలే అని ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో! మరి ఆ వంతెన మీదుగా వెళ్లే బస్సు నేనెందుకు ఎక్కను? చుట్టూ తిరిగి ఎందుకు పోతాను? ఛీ, ఏం బతుకు నాది.

మొన్న వంతెనకు ఇవతలి బస్టాపులో అప్పలనాయుడు కనిపించాడు. పక్కన భార్య, ఆమె చంకలో మనవరాలు. "ఈ బాబే మా సూపరైజరు. ఈ బిర్జీ మాం కలిసే కట్టినాం" అని ఆమెకు గొప్పగా చెప్పాడు. బస్సొచ్చింది. నన్నూ ఎక్కమన్నాడు. పనుందన్నాను. వాళ్లు ముగ్గురూ ఎక్కారు. నేను ఆపలేదు. బస్సు వంతెన దాటేదాకా చూస్తూ అక్కడే నిలబడ్డాను.

ఇంక నా వల్ల కాదు. ఈ సంగతే వంతెనలు తనిఖీ చేసే ఆఫీసుకూ రాసి పంపుతున్నాను. అక్కడ పేరు పెట్టాను; ఇక్కడ పెట్టడానికి ఇంకా సిగ్గుగా ఉంది. నన్నేం చేస్తారో తెలియదు. క్షమించమని ఎవరినీ అడగను. వాళ్లు వెతుక్కోనక్కర్లేకుండా రాశాను: గాజువాక వైపు నుంచి రెండో స్తంభం దాటాక, సముద్రం వైపు గర్డరు, కిందినుంచి మూడో గొట్టం. అందులో పాలు నిండలేదు. కొసన పూసింది నేను.