సుభానీ బాబాయి తెచ్చిన డాలు

మొన్న నరసరావుపేటలో చెప్పులు కుట్టే దుకాణం ముందు, వానకు తడిసిన తోలు వాసన తగిలేసరికి, ఎనభై దాటిన ఈ వయసులోనూ నా కడుపులో పాత మంట ఒకటి లేచింది.

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, మాచర్లలో మా పక్కింటి సుభానీ బాబాయి, మిలిటరీ లారీ నడపడానికి వెళ్ళినవాడు, ఆఫ్రికా నుంచి తిరిగొచ్చి, నాపరాళ్ళు పరిచిన తమ వసారాలో నా ఎత్తున్న అడవిదున్న తోలు డాలు వేలాడదీశాడు. జబ్బుపడ్డ కొడుకును లారీలో ఆసుపత్రికి చేర్చినందుకు, మసాయీలనే పశువుల కాపరుల్లో ఒక పెద్దాయన ఇచ్చాడట. దాని మీది తెల్లటి, నల్లటి గీతలు చూసి ఆ మనిషిది ఏ వంశమో, ఏ ఈడువాళ్ళతో కలిసి యోధుడయ్యాడో చెప్పేయొచ్చట. ఒక పక్కనున్న ఎర్రటి పూవు గుర్తు మాత్రం గొప్ప తెగువ చూపినవాడికే, అదీ పెద్దలు ఒప్పుకుంటేనే. వీరుల ఆయుధాలకు పసుపు కుంకుమలు పెట్టి మొక్కే మా పల్నాటి జనానికి ఆ మాట ఇట్టే అర్థమైంది. జొన్నచేల నుంచి ఎండలో పడి వచ్చి, చెప్పులు విడిచి మరీ చూసిపోయేవారు.

బాబాయి కూతురు ఖాసింబీ నా ఈడుదే. వామనగుంటల్లో రోజూ నా చేతిలో ఓడే పిల్ల, డాలు వచ్చాక వీధికంతా రాణి అయిపోయింది. రంజాన్ నాడు నా చేతిలో సేమియా గిన్నె పెట్టి, "మా అబ్బా డాలు తెచ్చాడు. మీ నాయన ఏం తెచ్చాడే?" అంది. క్వారీలో రాళ్ళు కొట్టే మా నాయన ఇంటికి తెచ్చేది తలనిండా రాతిదుమ్మే. నెయ్యి ఓడుతున్న ఆ సేమియా గిన్నె వాళ్ళ వసారాలోనే పెట్టేసి వచ్చేశాను.

మర్నాడు మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుండగా, తడి కొబ్బరిపీచుతో ఆ ఎర్రపూవును తోమి తోమి చెరిపేశాను. సాయంత్రం వాళ్ళమ్మ, ఖాసింబీ పనేననుకుని వీపు వాయగొట్టింది. "నేను కాదమ్మా!" అని అది ఏడుస్తుంటే, నేను గడప పట్టుకుని చూస్తూ నిలబడ్డాను.

బాబాయి వచ్చి అడ్డుపడ్డాడు. "పిల్లదాన్ని కొట్టమాకే."

"కాస్త ఎర్రమన్ను కలిపి దిద్దరాదూ?" అంది పిన్ని.

"దిద్దటానికి నేనెవర్నే? అది పెద్దలు ఇయ్యాల. డాలిచ్చిన ఆయన ఏడుండాడో ఏందో!"

కూతుర్ని ఒళ్ళోకి తీసుకుంటూ, ఎర్రగా మరకలైన నా మోచేతుల వంక ఒకసారి చూశాడు. మళ్ళీ కూతురి కళ్ళు తుడుస్తూ కూర్చున్నాడు. ఆయన బతికున్నన్నాళ్ళూ ఆ చోటు బోసిగానే ఉంది.

ఇప్పుడు బాబాయి లేడు. డాలును ఏనాడో పురుగు తినేసింది. వాళ్ళ వసారా ఉన్నచోట సిమెంటు కొట్టు వెలిసింది. నేను చేసిన పని చెప్పకముందే ఖాసింబీ కూడా పోయింది. తప్పు చేశానని బాధ లేకపోలేదు గానీ, నన్నెన్నడూ దగ్గరికి తీసుకోని మా నాయన రాక కోసం చూస్తూ ఆ సాయంత్రం నేను వాళ్ళ గడపలో నిలబడి ఉంటే, అది వెక్కుతూ వెక్కుతూ వాళ్ళ నాన్న ఒళ్ళోనే నిద్రపోయిన తీరు తలుచుకుంటే, చచ్చిపోయిన మనిషి మీద కూడా నాకు అసూయ పుడుతుంది.