మా పాఠాలు విన్న మేడం

మేడం పోయారన్న కబురు మంగళవారం పొద్దున, ఆదోనిలో మా డిగ్రీ కాలేజీ మెట్లెక్కుతుండగా వచ్చింది. ఎమ్మిగనూరు నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్క పోయిందప్పా. కాఫీ ఇచ్చేకి పోతే లేయలేదు."

లోపల బెల్లు కొట్టారు. పైకి వెళ్లి పాఠం చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు.

నేను ఆమె దగ్గర చదువుకోలేదు. కాంట్రాక్టు లెక్చరర్‌గా కెమిస్ట్రీ చెప్పడం మొదలుపెట్టిన తొమ్మిదో ఏట ఆమే నా క్లాసులో వచ్చి కూర్చున్నారు. యూనివర్సిటీలో కొత్తగా చేరిన అధ్యాపకులకు పాఠం ఎలా చెప్పాలో నేర్పడం ఆమె ఉద్యోగం. రిటైరయ్యాక సొంత ఊరు ఎమ్మిగనూరుకు, తమ్ముడి ఇంటికి వచ్చేశారు. మా పాత ప్రిన్సిపాల్ ఒకసారి పిలిచినప్పటి నుంచి, వారానికి రెండు రోజులు బస్సెక్కి ఆదోనికి వచ్చేవారు. ఎవరు రమ్మంటే వాళ్ల క్లాసులో వెనక కూర్చునేవారు. రమ్మనేవాళ్లం ముగ్గురమో నలుగురమో. ఆమెను చూస్తే మిగతావాళ్లందరికీ ఏదో పని గుర్తొచ్చేది.

మొదటి రోజు నేను గంటసేపు దంచేశాను. బోర్డంతా సమీకరణాలు. బయటికొచ్చి, మెచ్చుకుంటారేమోనని ఆమె ముఖం చూశాను.

"బాగా సెప్పినావప్పా. కిటికీ పక్కన కూర్చున్న పిల్ల పేరేమి?"

తెలియదన్నాను.

"గంటసేపూ పెన్ను మూత తీయలేదు ఆ పిల్ల."

నాకు కోపం వచ్చింది. సిలబస్ పూర్తి కావద్దా అన్నాను. "నీ సిలబస్సు అయిపోతాదిలే. వాళ్లు యాడున్నారో సూసుకో" అని, పెన్సిలుతో రాసుకున్న కాగితం నోటుబుక్కు నుంచి చింపి నా చేతిలో పెట్టారు. ఎవరి క్లాసు కాగితం వాళ్లకే ఇచ్చేసేవారు. ఒక్కటీ దాచుకునేవారు కాదు. ఎందుకని అడిగితే, "నీ దగ్గరుంటే పాఠం. నా దగ్గరుంటే నీ మీద సాడీ అయితాదప్పా" అన్నారు.

మరుసటి వారం ఆమె చెప్పినట్టే, క్లాసు చివర పిల్లలకు చిన్న చీటీలిచ్చి, అర్థంకానిది ఒక్కటి రాయమన్నాను. పేరు రాయొద్దన్నాను. స్టాఫ్ రూములో ఇద్దరం కూర్చుని విప్పాం. ఒక చీటీలో ఇలా ఉంది: "సార్, మోల్ అంటే ఏమి? మొదటి నుంచీ తెలీదు."

రెండు నెలలుగా నేను మోల్ మీదే లెక్కలు చేయిస్తున్నాను. తల దించుకున్నాను. మేడం నవ్వలేదు. "నాకూ తెలీదు. ముందు నాకు సెప్పు" అన్నారు. నాలుగుసార్లు చెప్పించుకుని, మూడుసార్లు "కాలేదప్పా" అన్నారు. నాలుగోసారి నా నోట డజను గాజుల మాట వచ్చింది. డజను అంటే పన్నెండు అయినట్టే, మోల్ అంటే అణువులకు వాడే ఇంకా పెద్ద లెక్క.

మర్నాడు క్లాసులో అదే చెప్పాను. కిటికీ పక్కనున్న పిల్ల లేచింది. కౌతాళం దగ్గరి పల్లె నుంచి వస్తుంది, ఇంట్లో కన్నడం. "అంటే లెక్కకు పెట్టిన పేరు, అంతే కదా సార్?" అంది. వెనక మేడం పెన్సిలు ఆపేసి నావైపు చూశారు. తొమ్మిదేళ్లలో నేను చెప్పిన మొదటి పాఠం అదేననిపించింది.

తర్వాతి ఏడాది కొత్త ప్రిన్సిపాల్ వచ్చారు. మేడం మా మీద నిఘా పెడుతున్నారని ఎవరో ఆయనకు చెప్పారు. ఒకరోజు స్టాఫ్ రూములో, మేడం గుమ్మంలో నిలబడి ఉండగానే ఆయన అడిగారు.

"బయటి మనిషిని క్లాసులో ఎట్ల కూర్చోబెడతారు? ఈమె మీలో ఎవరికైనా కావాల్నా? సెప్పండి."

ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. నా కాంట్రాక్టు రెన్యువల్ కాగితం ఆయన బల్ల మీదే ఉంది. మేడం సంచీ భుజానికి తగిలించుకుని, "సరేప్పా, ఎండ ముదరకముందే బస్సు పట్టుకుంటా" అన్నారు. ఆ మాట మా అందరితో అన్నట్టే అన్నారు. మెట్ల దాకా కూడా నేను వెంట వెళ్లలేదు.

ఆదివారం ఎమ్మిగనూరు పోయాను. క్షమించమని అడగడానికే పోయాను. ఆమె ఉడికిన వేరుశనక్కాయలు ముందు పెట్టి, "ఈ వారం క్లాసులో ఎవరు నోరు తెరవలేదో సెప్పు" అన్నారు. క్షమించమనే మాట పక్కనపెట్టి, కాయలు ఒలుస్తూ పిల్లల సంగతి చెప్పాను. ఆ తర్వాత ఎన్నో ఆదివారాలు వెళ్లాను. ప్రతిసారీ అంతే.

ఆ చలికాలం కౌతాళం పిల్ల కాలేజీకి రావడం మానేసింది. ఇంటిల్లిపాదీ మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోయారట. ఫోన్ కలవలేదు. మేడంతో చెప్పి, ఏం చేయాలని అడిగాను.

"తెలీదప్పా. పాఠం సెప్పేది నేర్పిస్తి గానీ, ఇది నాకూ తెలీదు."

ఆ పిల్ల మళ్లీ రాలేదు.

పోయిన ఉగాది అయ్యాక మేడంకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, మాట పడిపోయాయి. మంచం పక్కన కూర్చుని, ఇన్నాళ్లూ అనలేని మాట అప్పుడన్నాను. "ఆ రోజు నేను నోరు తెరవాల్సింది మేడం." ఆమె నా ముఖంలోకే చూశారు. ఎడమచెయ్యి దుప్పటి అంచును పట్టుకుని వదులుతూ ఉంది. అది జవాబేమోనని తమ్ముడివైపు చూశాను.

"అర్థమైతాందో లేదో తెలీదప్పా. డాక్టరు కూడా సెప్పలేకపోతాండాడు" అన్నాడాయన.

బుధవారం పొద్దున అంత్యక్రియలకు వెళ్లాను. వాళ్లది మగ్గాల వీధి. ముందురోజే నూలు తడిపేశారేమో, ఆపడానికి వీల్లేక రెండిళ్లవాళ్లు మగ్గానికెక్కించే పడుగు దారాలు వీధి పొడవునా సాచి గంజి పెడుతున్నారు. పాడె బయటికొచ్చేసరికి దారి లేదు. పక్కింటి పెద్దాయన చేతులు కడుక్కోకుండానే పరుగెత్తుకొచ్చి, "గంజి పట్టింది, ఇప్పుడు సుట్టేకి కాదు. ఎత్తండ్రా, అందరూ ఎత్తండి" అన్నాడు. ఆడా మగా ఇళ్లలోంచి వచ్చి, వరుసగా నిలబడి, తడి దారాలను అరచేతుల మీద తలలకన్నా పైకి ఎత్తారు. ఎండలో దారాలు తెల్లగా మెరిశాయి. వాటి కింద నుంచి మేడంను మోసుకుపోయాం. వీధి చివరిదాకా గంజి చుక్కలు మా భుజాల మీద పడుతూనే ఉన్నాయి.