మావయ్య నడుమూ, నా నోరూ

పాఠక మహాశయులారా! ఈ కింది వాక్యాల వల్ల ఫిజియోథెరపీ అనే పవిత్ర శాస్త్రానికీ, విశాఖ పోర్టు గౌరవానికీ, పోయినవాళ్ల గురించి నవ్వకూడదన్న పెద్దల మాటకీ కలగబోయే సమస్త అపచారాలకూ ముందుగానే సాష్టాంగపడి క్షమాపణ కోరుతున్నాను. నడుం వంచకుండా, మోకాళ్ల మీద నుంచే పడ్డాను. వృత్తిధర్మం. సంగతేమిటంటే, పోయిన మంగళవారం పొద్దున్న మా మావయ్య చనిపోయాడు. డాక్టరు గుండె అన్నాడు. మా అత్త మాత్రం, "గుండేటి, ఆ నడుమే తీసుకుపోనాది" అంది.

మావయ్య మా అమ్మకు అన్న. పోర్టు గోడౌన్లలో ముప్ఫై ఏళ్లు బస్తాలు మోశాడు. ఎంత సబ్బు రుద్దినా ఒంటికి పట్టిన ఎరువు వాసన పోయేది కాదు. మల్కాపురంలో మా సందు మొదట్లో ఆయన ఉండగానే అమ్మ పొయ్యి మీద టీ పెట్టేసేది. మనిషి కంటే ముందు వాసన వచ్చి కుర్చీలో కూర్చునేది.

నేను నాలుగున్నరేళ్లు చదివి ఫిజియోథెరపిస్టునయ్యాను. బరువెత్తేటప్పుడు దాన్ని ఒంటికి దగ్గరగా పట్టుకోవాలని కాలేజీలో బొమ్మలేసి, బాణాలు గీసి, ఒక పాఠమంతా చెప్పారు. మావయ్య ఆ పాఠాన్ని ఒక్క ముక్కలో తేల్చేశాడు. "బస్తాని సుట్టంలాగ కావలించుకోవాల్రా. దూరంగా నిలబడి సెయ్యందిత్తే పగబడతాది."

అన్ని బస్తాల్లో ఒకటి పగబట్టింది. రెండేళ్ల కిందట వేసవిలో, లారీ మీంచి దింపుతుంటే నడుం పట్టేసింది. నొప్పి ఎడమ మడమ దాకా జారింది. గాజువాకలో నేను పనిచేసే క్లినిక్‌కి గ్యాంగు మనుషులిద్దరు చెరో రెక్కా పట్టుకుని తీసుకొచ్చారు. "సూడ్రా డాక్టరు గుంటడా, ఇన్నాల్లకి నాను కూడా సరుకైపోనాను" అన్నాడు, నొప్పికి పళ్లు బిగించి.

నేను గీసిచ్చిన వ్యాయామాల కాగితాన్ని అత్త దేవుడి పటాల పక్కన అంటించి, నాలుగు మూలలా పసుపు రాసింది. ఇద్దరూ పొద్దున్నే దానికి దండం పెట్టేవారు. మావయ్య వాటిని చెయ్యడం మాత్రం చేసేవాడు కాదు. అయినా నా చేతి చలవో, అత్త పసుపు చలవో, తొమ్మిదో రోజుకి నొప్పి కాస్త తగ్గింది. పదో రోజు మళ్లీ వంగిపోయి వచ్చాడు.

"ఏటి సేసినావు మావయ్యా?"

"ఏటీ సెయ్‌లేదురా. తగ్గిందో లేదో సూసుకున్నాను."

"ఎలాగ సూసుకున్నావు?"

"గేసు బండెత్తి."

"నిండుదా, కాళీదా?"

"కాళీది ఎత్తితే ఏటి తెలుత్తాదిరా!"

మోత పనివాళ్లందరి వైద్యశాస్త్రం ఇదే. తగ్గిందని మనం చెబితే నమ్మరు. మోసి చూసుకుంటే గానీ తృప్తి ఉండదు. మోసి చూసుకున్నాక మళ్లీ మన దగ్గరికే వస్తారు.

ఆ దెబ్బతో దారికొచ్చాడు. దారికి రావడమే కాదు, ప్రచారకుడైపోయాడు. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, నడుం పైకెత్తే వ్యాయామం ఒకటుంది. దాన్ని వంతెన అంటాం. ఒకరోజు టీ వేళకి గోడౌన్‌కి వెళ్లి, తార్పాలిన్ పరిపించి, గ్యాంగులో మిగిలిన తొమ్మిది మందినీ వరసగా పడుకోబెట్టి వంతెనలు కట్టించాడు. సూపర్‌వైజరు పరుగున వచ్చి, "ఇదేటి, కొత్త రకం సమ్మెనా?" అన్నాట్ట.

"సమ్మె కాదు సార్, రిపేరు" అన్నాట్ట మావయ్య.

కానీ గ్యాంగుకో కట్టుబాటు ఉంది. పది మందిలో ఒకడు మంచం పడితే అతని వంతు బస్తాలు మిగతా వాళ్లు రెండు నెలలు మోస్తారు. ఆ తర్వాత అతను మోతకు రావాలి. లేదంటే గోడౌను మూల కూర్చుని, చిరిగిన బస్తాలు కుట్టాలి. గడువు దగ్గరపడుతుండగా వాళ్లే ఇంటికొచ్చి నచ్చజెప్పారు.

"బావా, సూది పట్టుకుని నీడన కూకో. నిన్ను ఎవులూ ఏటీ అనరు."

"ముసిలోలు కూకునే సోటది. నాను మోత మనిసిని" అన్నాడు మావయ్య. అత్త తెచ్చిన టీలు చల్లారిపోయాయి.

మోతకే వెళ్లాడు. పదకొండో రోజున బస్తాతో సహా కూలబడ్డాడు. ఆపరేషన్ జరిగింది గానీ ఎడమకాలికి సత్తువ తిరిగి రాలేదు. ఏడాదిన్నర పైగా మంచమే. నేను రోజూ సాయంత్రం వెళ్లి ఆ కాలు మడిచి, చాపి, మడిచి వచ్చేవాణ్ని. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "నీ సదువు ఊరికే పోకండా నా కాలొకటి మిగిలిందిరా" అని ఒకసారి నవ్వాడంతే. అదే కాలు, రాన్రానూ నా మణికట్టంత సన్నబడింది.

అంత్యక్రియల దగ్గర గ్యాంగు వాళ్లు నా భుజం తట్టి, "సెయ్యగలిగిందంతా సేసినావు బాబూ" అన్నారు. అమ్మ కూడా అదే చెప్పుకుంటోంది అందరితో.

నేను నిజంగా చేసింది ఒక్కటే. గడువు చివరి రోజు క్లినిక్‌లో మావయ్యను బల్ల మీద పడుకోబెట్టి ఎడమకాలు ఎత్తాను. జానెడు లేచి ఆగిపోయింది. బొటనవేలు పైకి లేపమంటే లేపలేకపోయాడు. ఇంక బస్తా ఎత్తకూడదని, ఎత్తితే ఆ కాలు పోతుందని నాకు తెలుసు.

"ఒరే, నవ్వులాట ఒగ్గీసి సెప్పు" అన్నాడు. "మొయ్యమంతావా, సూది పట్టమంతావా?"

ఆయన మొహం చూశాను. ఆ మొహం ముందు సూది మాట ఎత్తడానికి నాకు నోరు రాలేదు. "బస్తాలేటి మావయ్యా, ఓడనే ఎత్తీగలవు" అన్నాను.

మావయ్య పగలబడి నవ్వాడు. బల్ల దిగి, తువ్వాలు నడుముకి బిగించి, రెయిలింగ్ పట్టుకోకుండా మెట్లన్నీ దిగి వెళ్లిపోయాడు. కిటికీలోంచి చూశాను. రోడ్డు మీద జనంలో ఛాతీ విరుచుకుని నడుస్తున్నాడు, ఎడమకాలి చెప్పు నేలకు రాసుకుంటూ.