విడవని మంచు

గుట్టల మీద మంచు లేదని నాకు మొదట చెప్పింది మా పక్కింటి జోగక్క.

మాది మధిర వైపు. మా ఊళ్లో ఎటు చూసినా పత్తి చేలే. మావారి ఉద్యోగం భద్రాచలం అడవి అంచుకు మారితే ఈ ఊరొచ్చాం. వీధిలో సగం మాటలు అర్థంకాక మొదట్లో పరదేశంలా అనిపించింది. వానలు తగ్గి కార్తీకం వచ్చాక గుట్టలు నన్ను కలుపుకున్నాయి. పొద్దున్నే దీపం పెట్టి అరుగు మీద కూర్చుంటే మంచులోంచి ఒక్కో గుట్టా బయటికి వచ్చేది. ఇంత అందం నా గుమ్మం ముందు పెట్టిన స్వామికి దణ్ణం పెట్టుకునేదాన్ని.

నిరుడు ఒక ఉదయం జోగక్క నా పక్కన కొండచీపుర్లు కడుతోంది.

"ఇయ్యాల మంచు ఇంకా పోలేదక్కా" అన్నాను.

"మంచేడున్నది చెల్లె? ఎప్పుడో పోయింది. నా మేకలు గుట్టెక్కుతున్నయ్, అవే నీకు మంచు లెక్క కొడ్తున్నయా ఏంది?"

నవ్వుతూనే, మేకల కోసం గురిచూసినట్టు ఎడమ కన్ను మూసి చూశాను. గుట్టలే లేవు. తెల్లటి పొగ, అందులో ఈదుతున్న నల్లటి నలుసులు.

"జల్దీ దవాఖానకు పో" అంది జోగక్క, ఈసారి నవ్వకుండా.

ఖమ్మంలో కళ్లలో చుక్కలు వేసి చాలాసేపు చూశారు. ఓసీటీ అని కంటి లోపలి పొరల స్కాన్ తీశారు. "యువైటిస్ అమ్మా. కంటి లోపల వాపు. ఆలస్యమైతే రెటీనా దెబ్బతింటుంది" అన్నారు డాక్టరమ్మ.

"చూపు తిరిగొస్తదా మేడమ్?" అని మావారు అడిగారు.

"ముందు ఉన్నది కాపాడుకుందాం."

ఆ మాట ఇంటిదాకా నా వెంటే వచ్చింది.

వాపుకు టీబీ కారణమేమోనని రక్తపరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే చేసి, అది లేదన్నారు. గంటగంటకూ స్టెరాయిడ్ డ్రాప్స్, పైన మాత్రలు. మెల్లగా దగ్గరి గుట్ట కనిపించింది. డోసు తగ్గించగానే మళ్లీ పొగ కమ్మింది. రెండో కంటికీ పాకుతుందేమోనని, పొద్దున్నే ఒక్కో కన్నూ మూసి చూసుకునేదాన్ని. జోగక్క గోడ అవతలి నుంచి రోజూ అడిగేది: "ఏ గుట్ట దాకొచ్చినవ్ చెల్లె?"

ఈ కార్తీకానికి వెనక వరుస గుట్టలూ కనిపిస్తున్నాయి, అంచులు కాస్త మసకగా. స్వామి దయ. "మళ్లీ రావచ్చు, గమనిస్తూ ఉండండి" అన్నారు డాక్టరమ్మ. చుక్కలు ఇంకా ఆపలేదు.

మీరూ అప్పుడప్పుడు ఒక కన్ను మూసి, రెండోదానితో దూరంగా ఉన్నదేదైనా చూడండి. రెండూ తెరిచి ఉంటే బాగున్న కన్ను రెండోదాని లోపాన్ని కప్పేస్తుంది.

నిన్న జోగక్క చేత కూడా ఇదే చేయించాను. కుడి కన్ను మూసుకుని, తన మేకలు ఎక్కుతున్న గుట్ట వైపు చూసింది.

"మేకలు లేవు చెల్లె" అంది.

సోమవారం ఆమెను ఖమ్మం తీసుకెళుతున్నాను. దీపం పెట్టుకునేటప్పుడు మా జోగక్కను ఒక్కసారి తలుచుకోండి.